ఆరు మూరల గోడ

ఉషిజిమ మోరోకాజు తాతకు ఊరంతా ఉండేది. ఆయన ముగ్గురు కొడుకులకూ ఒక కూతురికీ పంచాడు. మోరోకాజు తండ్రి తన వాటాను మళ్ళీ ఇద్దరు కొడుకులకు పంచాడు. అలా పంచుకుంటూ వచ్చేసరికి మోరోకాజు చేతికి అరవై మళ్ళు మిగిలాయి. పొలమైతే ముక్కలైంది గాని కొలువు ముక్కలు కాలేదు. దేశాన్ని ఏలే కమకురా సేనానుల నుంచి యుద్ధానికి పిలుపు వస్తే ఊరంతా ఉన్న తాత ఒక గుర్రంతో, ఒక కవచంతో, ఇద్దరు బంట్లతో వెళ్ళేవాడు. అరవై మళ్ళ మనవడూ సరిగ్గా అలాగే వెళ్ళాలి. ఈ సంగతి కమకురాలో కూర్చున్న పెద్దలకు ఎందుకు తట్టలేదో వాళ్ళకే తెలియాలి.

మంగోలుల పడవలు మొదటిసారి హకాటా తీరానికి వచ్చిన ఏడు మోరోకాజుకు ముప్పై ఒకటి. ఇంట్లో ఉన్న గుర్రం ముసలిదైపోయింది. రేవులో సారా బట్టీ, గిడ్డంగి నడిపే వ్యాపారి దగ్గర అప్పు చేసి కొత్తది కొన్నాడు. ఆ గుర్రం తీరం ఇసుకలో ఒక్క పూట బతికింది. మోరోకాజు ఎడమ చెవి తమ్మె పోగొట్టుకుని బయటపడ్డాడు. గాలి తిరిగింది, పడవలు వెనక్కి పోయాయి, మనమే గెలిచామన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. మనలో మనం కొట్టుకుంటే ఓడినవాడి పొలం గెలిచినవాడికి పంచుతారు. సముద్రం దాటి వచ్చినవాడి పొలం ఎక్కడుంది పంచడానికి? విరిగిన పడవల చెక్కలు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, కావలసినవాళ్ళు పొయ్యిలోకి ఏరుకున్నారు. మోరోకాజు తెగిన చెవి తమ్మె సంగతి వివరంగా రాసి, చూసినవాళ్ళ పేర్లు రాసి, కమకురాకు అర్జీ పంపాడు. విచారిస్తామని జవాబు వచ్చింది. ఆ జవాబును మడతపెట్టి కవచం పెట్టెలో దాచుకున్నాడు. ఏడేళ్ళకు పడవలు మళ్ళీ వచ్చినప్పుడు, మళ్ళీ అప్పు చేసి, మళ్ళీ గుర్రం కొని, మళ్ళీ అర్జీ పెట్టాడు. రెండో జవాబు కూడా ఆ పెట్టెలోకే పోయింది.

ఈ రెండు యుద్ధాల మధ్యలో గోడ వచ్చింది. తీరం పొడుగునా రాతి గోడ కట్టాలి, పది మళ్ళున్నవాడు మూరెడు కట్టాలి. కూలిపోతే ఎవరి వంతు వాళ్ళే మళ్ళీ నిలబెట్టాలి. మోరోకాజు వంతు ఆరు మూరలు. ఒక్కొక్కరి వంతు దగ్గర ఒక చెక్క మీద పేరు రాసి పాతేవారు. ఆయన వంతు దగ్గర “ఉషిజిమ మోరోకాజు, ఆరు మూరలు” అని ఉండేది. పక్కవాళ్ళ చెక్కల మీద మూడు, రెండున్నర కనిపిస్తే ఆయనకు ఆ పూట అన్నం అక్కర్లేకపోయేది. ఆ చెక్క చూసుకుంటే కడుపు నిండిపోయేది.

రెండో యుద్ధం అయిన మూడేళ్ళకు ముసలి వ్యాపారి పోయాడు. కొడుకు మాగోజిరోకు అప్పటికి పాతికేళ్ళు. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ సారా పిప్పి వాసన వేస్తూ ఉండేవాడు. అతను తండ్రి పెట్టెలోని కాగితాలన్నీ మూట కట్టుకుని మోరోకాజు ఇంటికి వచ్చాడు.

“దొరా, మీ పొలం మీద నాకేం ఆశ లేదు. కాసులు ఇచ్చేయండి, పోతాను.”

“కాసులుంటే నిన్ను గుమ్మం ఎక్కనిస్తానా?”

“లేవని తెలిసేగా ఎక్కాను.”

వంటింట్లో మోరోకాజు భార్య తోరామే కిసుక్కున నవ్వింది. ఆయన అటు ఉరిమి చూశాడు గాని ఆమె ఆ చూపుకు ఏనాడూ లొంగలేదు.

లెక్క తేల్చేసరికి ఊట పక్కనున్న మేలైన నలభై అయిదు మళ్ళూ అప్పు కిందికి పోయాయి. పదిహేను మిగిలాయి. అంతవరకు ఇద్దరికీ పేచీ లేదు. కాగితం ఎలా రాయాలన్న దగ్గర ఆగిపోయారు.

మాగోజిరో అన్నాడు, “రేవులో ఒక మాట తిరుగుతోంది దొరా. ఏదో ఒకనాడు కమకురావాళ్ళు కొలువుదార్ల తాకట్లూ అమ్మకాలూ అన్నీ రద్దు చేసి పొలాలు వెనక్కి ఇప్పిస్తారంట. అప్పుడు నేను మునిగిపోనూ?”

“నీ గోల నీది. సారా కొట్టువాడికి పొలం తాకట్టు పెట్టానని నలుగురిలో నేనెలా తలెత్తుకు తిరగను?”

ఖాళీ కాగితాన్ని ఇద్దరూ ఒకరి ముందుకు ఒకరు నెట్టుకున్నారు. చివరికి తోరామే గిన్నె తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“కొడుక్కి ఇచ్చినట్టు రాసుకోండి. మనకా పిల్లల్లేరు. కొడుక్కి ఇచ్చింది ఏ దొర రద్దు చేస్తాడు? కొడుక్కి ఇస్తే మిమ్మల్ని చూసి ఎవరు నవ్వుతారు?”

ఆమె వేళాకోళానికే అంది. వీళ్ళిద్దరికీ మాత్రం అది బంగారంలా తోచింది. “కొడుకుగా ఎంచుకున్న మాగోజిరోకు ప్రేమతో, శాశ్వతంగా ఇస్తున్నాను” అని మోరోకాజు తన చేత్తోనే రాశాడు. తండ్రికి నలభై ఒకటి, కొడుక్కి పాతిక. సిరా ఆరేలోగా మాగోజిరో ఇంకో మాట కదిపాడు.

“నలభై అయిదు మళ్ళు నావయ్యాక ఆ వంతు గోడ నాలుగున్నర మూరలు నేనే కడతా. మీకు ఒకటిన్నర చాలు.”

“ఏమన్నావ్? గోడ మీద సారా కొట్టువాడి పేరా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.”

“కూలీలకు తిండి పెట్టాలి, రాళ్ళు తోలించాలి. పదిహేను మళ్ళతో ఎక్కడ తెస్తారు?”

“అది నేను చూసుకుంటా.”

చూసుకోవడం అంటే ఏముంది, ఏటా తుఫాను వెళ్ళాక మాగోజిరో దగ్గరే కాసులు తెచ్చి, మాగోజిరో పొలం వంతు గోడను తన పేరు మీద కట్టడం. ఇంత తెలివితక్కువ పని మా కొలువుదార్లు తప్ప ఇంకెవరూ చేయరు. చెక్క మీద ఆరు మూరలు ఆరు మూరలుగానే ఉండిపోయింది. ఆ కాసులు తిరిగి రావని ఇద్దరికీ తెలుసు. అడిగినవాడూ లేడు, ఇస్తానన్నవాడూ లేడు.

కొడుకని రాసుకున్నాక కొడుకులా కనబడాలి గదా. కొత్త ఏడాది రోజున మాగోజిరో ఊరందరూ చూస్తుండగా బియ్యపు రొట్టెలు మోయించుకుని వచ్చేవాడు, వాకిట్లో వంగి దణ్ణం పెట్టి “నాన్నగారూ” అనేవాడు. మోరోకాజు గిన్నెలో సారా పోసి ఇచ్చేవాడు. ఆ సారా కూడా మాగోజిరో బట్టీదే. మొదటి ఏడు లోపలికి వెళ్ళాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండో ఏడు మాగోజిరో నవ్వాపుకోలేకపోయాడు. మూడో ఏడు మోరోకాజు పొద్దున్నుంచీ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఎవరికోసం?” అంది తోరామే.

“ఎవరికోసమూ కాదు. మంచు ఎంత పడిందో చూస్తున్నా.”

ఏడో ఏట గోడ కడుతుంటే రాయి జారి మోరోకాజు కాలి మీద పడింది. బంట్లు బండి కోసం వెతుకుతూ ఉండగానే మాగోజిరో ఆయన్ను వీపున వేసుకుని రేవుదాకా మోశాడు. దారి పొడుగునా మోరోకాజు తిడుతూనే ఉన్నాడు, ఆనకట్ట మీదుగా వెళ్ళమంటే గట్టు మీదుగా వెళ్తావేంరా అని. ఆ చలికాలం కాలు కదపలేక ఇంట్లో పడి ఉన్నన్నాళ్ళూ మాగోజిరోకు బాణం వేయడం నేర్పబోయాడు. మాగోజిరో వేసిన బాణం ఒక్కటీ గురికి తగల్లేదు. ఒకటి పొరుగింటి చూరులో దిగింది. తగలనందుకు మోరోకాజు చాలా రోజులు సంతోషంగా ఉన్నాడు.

ఇక ముల్లంగి. ఊట మళ్ళ గట్టున పండిన ముల్లంగిని మాగోజిరో తన బట్టీలో సారా పిప్పిలో ఊరవేసి, చలి ముదిరేసరికి ఒక జాడీ పంపేవాడు. ఘాటు ముక్కుకెక్కేది. అది లేకుండా మోరోకాజుకు ముద్ద దిగేది కాదు. “పిప్పి ఎక్కువేశాడు వెధవ” అంటూనే జాడీ అడుగు గీకేవాడు.

ఇలా పదమూడేళ్ళు గడిచాయి. అప్పుడు నిజంగానే కమకురా నుంచి రద్దు ఆజ్ఞ వచ్చింది. కొలువుదార్ల పొలం మామూలు జనం చేతిలోకి తాకట్టుగానో అమ్మకంగానో పోయి ఉంటే, ఎన్నేళ్ళైనా సరే, పైసా కట్టనక్కర్లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఊళ్ళో మిగతా కొలువుదార్లు కవచాలు తీసి తుడుచుకున్నారు, సారా తాగారు, అప్పులవాళ్ళ వాకిళ్ళ ముందు నిలబడి కేకలేశారు. అదే నెలలో మోరోకాజుకు ఇంకో కాగితం కూడా వచ్చింది. పదిహేను మళ్ళతో గుర్రాన్ని పోషించలేడని కొలువు అధికారులకు తెలిసిపోయింది. వచ్చే వసంతంలోగా గుర్రంతో హాజరు కాకపోతే కొలువు పట్టీలో పేరు కొట్టేస్తామన్నారు. పేరు కొట్టేస్తే మోరోకాజుకూ పొలం దున్నే రైతుకూ తేడా ఉండదు. నాలుగు తరాల పేరు అది.

“అర్జీ పెట్టండి” అంది తోరామే. “అది అప్పేగా. మీకు తెలుసు, నాకు తెలుసు, వాడికీ తెలుసు.”

“కాగితం మీద ప్రేమతో అని ఉందే.”

“నేను చెబితే రాశారు. చెప్పినదాన్ని నేనే అంటున్నా, చెరిపేయండి.”

ఆయన అర్జీ పెట్టాడు. అధికారి కాగితం రెండుసార్లు చదివి, ప్రేమతో ఇచ్చినదానికి రద్దు వర్తించదన్నాడు. అప్పు కిందే పోయిందని రుజువు కావాలంటే ఒక్కటే దారి. కాకుల ముద్రలున్న గుడి కాగితం మీద దేవుడి సాక్షిగా ప్రమాణం రాసి, యుద్ధ దేవుడు హాచిమన్ గుడిలో ఏడు రోజులు కావలిలో ఉండాలి. ఆ ఏడు రోజుల్లో దోషం కనబడకపోతే మాట నిజం. ముక్కులోంచి రక్తం కారినా, జబ్బు చేసినా, కాకి మీద రెట్ట వేసినా, ఎలుక బట్ట కొరికినా, తింటూ తాగుతూ పొలమారినా దోషమే. ప్రమాణం ఏమని రాయాలో అధికారే చెప్పాడు: “ఇది అప్పు. కొడుకన్న మాట సిరా మాత్రమే. నా మనసులో అతను ఏనాడూ కొడుకు కాడు.”

గుడికి వెళ్ళే ముందురోజు మాగోజిరో వచ్చాడు. ఈసారి గుమ్మం ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

“మీరు ప్రమాణం చేస్తే నేను అడ్డం రాను. కానీ నా అంతట నేనుగా పొలం వదలను. నాకూ పిల్లలున్నారు. పదమూడేళ్ళు ఆ కాలవ నేనే పూడిక తీయించాను.”

“తెలుసు.”

“అప్పనే రాయండి, అది నిజమే. ఆ రెండో మాట కూడా రాయాలా?”

“రాయకపోతే చెల్లదంటున్నారు.”

మాగోజిరో జాడీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “సరే దొరా” అన్నాడు. పదమూడేళ్ళుగా వాకిట్లో నిలబడి అతను ఆయన్ను దొరా అనలేదు. మోరోకాజుకు అది ఎక్కడో గుచ్చుకుంది. మాగోజిరో చేతిలో తెచ్చిన జాడీని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

గుడిలో ఇద్దరు కావలి. ఒకడు ముసలివాడు, గుడి మనిషి. రెండోవాడు అధికారి పంపిన గుమాస్తా, రోజూ సంగతులు రాసుకునేవాడు. మోరోకాజు ప్రమాణం రాశాడు. రెండో మాట దగ్గర కుంచె కాస్త ఆగిందని గుమాస్తా గమనించాడు గాని, కుంచె ఆగడం దోషాల పట్టీలో లేదు. మూడోరోజు కాకి ఒకటి చూరు మీద వాలి సాయంత్రందాకా కదల్లేదు. మోరోకాజు గోడకు అంటుకుని కూర్చున్నాడు, యుద్ధంలో కూడా అంత ఒదిగి కూర్చోలేదు. ఎలుకల భయానికి పై బట్ట తలకింద పెట్టుకున్నాడు. అన్నం చిన్న చిన్న ముద్దలు చేసుకుని, నీళ్ళు గుటక గుటకకు ఆగి తాగాడు. అయిదు రోజులు ఏమీ కాలేదు. గుమాస్తా అయిదుసార్లు “ఏమీ లేదు” అని రాసుకున్నాడు.

ఆరోరోజు మధ్యాహ్నం తోరామే ఎప్పటిలాగే అన్నం మూట తెచ్చి గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్ళింది. మోరోకాజు మొదటి ముద్ద జాగ్రత్తగా నమిలాడు. రెండో ముద్దలో ముల్లంగి ముక్క తగిలింది. ఘాటు, పిప్పి వాసన. ఈ ఏడు పిప్పి మరీ ఎక్కువేశాడు. ఇంత జరిగాక కూడా మానకుండా జాడీ తెచ్చి అరుగు మీద పెట్టిపోయాడు వెధవ. అనుకున్నాడో లేదో మోరోకాజు గొంతు పూడుకుపోయింది. మింగబోయాడు, దిగలేదు. కళ్ళ నీళ్ళు కారాయి, మెతుకులు ముక్కులోకి పోయాయి, ఉక్కిరిబిక్కిరై చాప మీదకి వంగిపోయాడు.

కావలివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గుమాస్తా కుంచె తీశాడు. ముసలివాడు అతని చెయ్యి పట్టుకుని ఆపి, మోరోకాజు వీపు రాసి, నెమ్మదిగా అడిగాడు.

“అయ్యా, చలికాలం. చాలామందికి దగ్గు పట్టుకుంటోంది. ఇప్పుడు మీకొచ్చింది దగ్గా, పొలమారడమా? దగ్గు పట్టీలో లేదు.”

గుమాస్తా కూడా కాదనలేదు. ఒక్క మాట చాలు. దగ్గంటే ఇంకొక్క రోజు, ఆ తర్వాత నలభై అయిదు మళ్ళు, గుర్రం, పట్టీలో పేరు. మోరోకాజు మొహం తుడుచుకున్నాడు. ఆయనకు పోయిన చెవి తమ్మె గుర్తొచ్చింది, పెట్టెలోని రెండు జవాబులు గుర్తొచ్చాయి, తనను వీపున మోస్తూ తిట్లు తింటూ గట్టు మీద నడిచినవాడి మెడ వెనక చెమట గుర్తొచ్చింది.

“పొలమారింది” అన్నాడు. “రాసుకో.”

మిగిలిన ముద్ద కూడా తినేసి లేచాడు. అది ఏ అడ్డమూ లేకుండా దిగింది.

ఇంట్లో తోరామే మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది.

“ఆరు రోజులు మంచులో అన్నం మోశాను. దగ్గు అనడానికి నోరు రాలేదా?”

“దగ్గు కాదుగా.”

“ఆ ముల్లంగి పెట్టిన నా చేతులు విరిగిపోను!”

“ముల్లంగి బాగుంది” అన్నాడు ఆయన. ఆమె గిన్నె నేలకేసి కొట్టింది. తర్వాత ఏడ్చింది. తర్వాత గిన్నె పెంకులు ఏరి, జాడీలో ఇంకా ఎన్ని ముక్కలున్నాయో చూసింది.

వసంతానికి కొలువు పట్టీలో పేరు కొట్టేశారు. చెప్పడానికి వచ్చిన మనిషికి మోరోకాజు సారా పోశాడు, గుర్రపు జీను చూపించి కొంటావా అని అడిగాడు. కొత్త ఏడాదినాడు మాగోజిరో రొట్టెలతో వచ్చాడా లేదా అని ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. వచ్చాడు. వాకిట్లో ఏమని పిలవాలో తెలియక తడబడుతుంటే మోరోకాజే లోపల్నుంచి కేకేశాడు, “ఏరా, రొట్టెలు మంచులో నానబెడతావా?” అని.

తుఫాను వెళ్ళాక గోడకు పిలుపు వచ్చింది. గోడ వంతు పొలాన్ని బట్టే గనుక ఇప్పుడు ఆ ఆరు మూరల్లో నాలుగున్నర మాగోజిరో కట్టాలి, ఒకటిన్నర మోరోకాజు కట్టాలి. మాగోజిరో కూలీలను తెచ్చాడు, రాళ్ళు తోలించాడు. మోరోకాజు కుంటుకుంటూ వచ్చి ఇసుకలో కూర్చుని, ఏ రాయి ఎటు తిప్పాలో తిడుతూ చెప్పాడు. మొత్తం ఆరు మూరలూ ఒకే వరుసలో లేచాయి, అతుకు కనబడలేదు.

చెక్క రాసే గుమాస్తా వచ్చి రెండు చెక్కలు పాతాలా అని అడిగాడు.

“ఒకటి చాలు” అన్నాడు మోరోకాజు. కుంచె తానే తీసుకున్నాడు. ఈసారి ఎక్కడా ఆగకుండా రాశాడు:

“ఉషిజిమ మోరోకాజు కొడుకు మాగోజిరో, ఆరు మూరలు.”